పాట దక్కింది సరే, డబ్బు పడిందా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఆన్‌లైన్ మోసాల మీద పత్రికల్లో వచ్చే జాగ్రత్తలు దాదాపు అన్నీ కొనేవాళ్ల కోసం రాసినవే. డబ్బు కట్టాక సరుకు రాలేదనో, ఫోను బదులు సబ్బుబిళ్ల వచ్చిందనో చదువుతూనే ఉంటాం. సరుకు పంపేశాక డబ్బు రానివాళ్ల సంగతి, వచ్చిన డబ్బు కూడా చేజారినవాళ్ల సంగతి అంతగా బయటికి రాదు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంట్లో కూర్చుని వేలం పెట్టి అమ్ముకునేవాళ్లు ఇప్పుడు తక్కువేమీ లేరు. బొబ్బిలి వీణలు, బుడితి ఇత్తడి సామాను, పొందూరు ఖద్దరు, పాత నాణేలు, తపాలా బిళ్లలు, వాడిన కెమెరాలు, ఫోన్లు, ఏదో ఒకటి ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లో పాటకు వస్తూనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో వేలాలు నడిపిన ఈబే ఇండియా సైటు 2018 ఆగస్టు 14న మూతపడింది. అలాంటి సైటులా కాకుండా, గ్రూపులో పాటకు రసీదు ఉండదు, డబ్బు పట్టి ఉంచే మధ్యవర్తి ఉండడు, అడ్మిన్ మాటే శాసనం. అందుకే ఈ ఉత్తరం.

ముందే ఒక మాట చెప్పాలి. కొత్త గిరాకీ అంటే దొంగ అని కాదు. ఎవరి ఖాతా అయినా సున్నా దగ్గరే మొదలవుతుంది. సున్నా రేటింగు చూసి పాటను తోసిపుచ్చితే నష్టపోయేది మనమే. అటుపక్క వందల నక్షత్రాలున్న పాత ఖాతా అయినంత మాత్రాన నిశ్చింతా లేదు. పాస్‌వర్డు పోయిన ఖాతాలోకి దూరి కొనేవాళ్లున్నారు. ఈబేలో అయితే 2008 మే నుంచి అమ్మేవాళ్లు కొనేవాళ్లకు చెడ్డ మార్కు ఇవ్వడానికే వీల్లేదు. ఇక వాళ్ల పేరు పక్కన అన్నీ మంచి మార్కులే కనిపించడంలో వింతేముంది? కాబట్టి ఎదుటివాడు ఎలాంటివాడో అని చాట్‌లో గంటల తరబడి ఆరా తీయడం దండగ. చూడాల్సినవి రెండు. డబ్బు మన ఖాతాలో, వెనక్కి లాగలేని రూపంలో పడిందా? ఏ వస్తువు, ఏ స్థితిలో, ఎవరికి అందిందో చూపించే రుజువు మన దగ్గర ఉందా? ఈ రెండూ ఉంటే కొన్నది ఎవరైతేనేం.

సగం గొడవలు పాట పెట్టే పోస్టులోనే తీరిపోతాయి. చెరువులో చేపలకో, కొబ్బరితోట ఫలసాయానికో బహిరంగ వేలం వేసేటప్పుడు ధరావత్తు కట్టనిదే ఎవరినీ పాడనివ్వరు. పాట దక్కించుకుని గడువులో మిగతాది కట్టకపోతే ధరావత్తు పోతుంది. ఊళ్లో అందరికీ తెలిసిన ఈ పద్ధతిని ఫోను చేతికొచ్చేసరికి ఎందుకో వదిలేశాం. 500 రూపాయల నాణేనికి ధరావత్తు అడిగితే పాడేవాడు ఉండడు, నిజమే. కానీ "పాట 5,000 దాటితే, ఈ గ్రూపులో ఇంతకుముందు కొననివాళ్లు 10 శాతం ముందు కట్టి ఆపైన పాడాలి, పాట దక్కనివాళ్లకు ఆ రాత్రే, అదే ఖాతాకు తిరిగి వేస్తాం" అని పోస్టులో ఒక వాక్యం రాస్తే ఎవరూ నొచ్చుకోరు. పాట మధ్యలో మనిషిని చూసి అడిగితేనే తగువు. ముగింపు వేళ కూడా అంకెల్లో ఉండాలి: ఫలానా తేదీ రాత్రి 9 గంటలకు, చివరి 5 నిమిషాల్లో కొత్త పాట వస్తే మరో 5 నిమిషాలు. డబ్బు కట్టే గడువు, పోస్టు ఖర్చు ఎవరిది, తిరిగి తీసుకుంటామా లేదా, తీసుకుంటే ఏ షరతు మీద, ఇవన్నీ అక్కడే ఉండాలి.

పాట ముగిసిన క్షణాన మొత్తం కామెంట్లు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి. వాట్సాప్‌లో పంపిన మెసేజీని 15 నిమిషాల దాకా మార్చవచ్చు, ఆ తర్వాత కూడా అందరికీ కనపడకుండా తీసేయవచ్చు. రాత్రి 4,200 అని పాడినవాడు పొద్దున్నకల్లా "నేను 2,400 అన్నాను" అంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

దక్కించుకున్నవాడు డబ్బు కట్టకుండా మాయమైతే చాలామంది వెంటనే రెండో పాటదారుకు ఇచ్చేస్తారు. దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 64వ సెక్షన్ ప్రకారం వేలం ముగిసినట్టు ప్రకటించే దాకా పాడినవాడు వెనక్కి తగ్గవచ్చు. ప్రకటించాక అది ఒప్పందమే. అదే చట్టం 54వ సెక్షన్ ప్రకారం, డబ్బు అందని అమ్మకందారు ముందు నోటీసు ఇచ్చి, తగినంత గడువు దాటాక వేరొకరికి అమ్మితే, తగ్గిన ధర తాలూకు నష్టం మొదటివాడి నుంచి అడగవచ్చు. నోటీసు ఇవ్వకుండా అమ్మితే ఆ హక్కు పోతుంది, పైగా ఎక్కువ ధర వస్తే ఆ లాభం తనదని మొదటివాడు అడిగే వీలుంటుంది. నోటీసంటే లాయరే అక్కర్లేదు. "మీరు ఫలానా రాత్రి 4,200కు పాడిన వస్తువుకు 15వ తేదీ రాత్రి 9 లోపు డబ్బు రాకపోతే దాన్ని వేరొకరికి అమ్ముతాం" అని తేదీ కనిపించేలా ఒక మెసేజీ పెడితే సరిపోతుంది. మూడు నాలుగు వందల తేడా కోసం ఎవరూ కోర్టుకు పోరు. ఆ మెసేజీ పని వేరే: మనం సరుకు అమ్మేశాక "డబ్బు సిద్ధంగా ఉంది, నా వస్తువు ఏదీ" అని గ్రూపులో రచ్చ చేయడానికి వాడికి వీలుండదు.

రెండో పాటదారుకు ఏ ధరకు ఇవ్వాలన్నది మరో ప్రశ్న. మాయమైన మనిషి ఎక్కించిన పాట వల్లే అతను అంత పైకి పోయి ఉంటాడు. అతని ఆఖరి పాటే అడిగితే, "మీ మనిషి చేతే పాడించారు" అన్న అనుమానం రాక మానదు. మూడో మనిషి పాట మీద ఒక్క మెట్టు పెంచి ఇవ్వడం మర్యాద. సొంతవాళ్ల చేత దొంగపాట పాడించడం సంగతి ఎత్తాం కాబట్టి ఇదీ తెలియాలి: అలాంటి అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి అదే 64వ సెక్షన్ ఇచ్చింది.

ఇక డబ్బు. యూపీఐలో డబ్బు రావడానికి మనం పిన్ కొట్టాల్సిన పని లేదు, క్యూఆర్ కోడు స్కాన్ చేయాల్సిన పనీ లేదు. పిన్ అడిగిందంటే మన డబ్బు బయటికి పోబోతోందని అర్థం. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను, అంటే డబ్బు పంపమని యాపులోనే అడిగే పద్ధతిని, 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. అయినా క్యూఆర్ దారి అలాగే ఉంది. మోసగాడు ముందు ఒక రూపాయి నిజంగానే పంపుతాడు. అది పడగానే మనకు ధైర్యం వస్తుంది. తర్వాత "మిగతాది ఇదిగో, దీన్ని స్కాన్ చేయండి" అంటాడు. మిలిటరీ యూనిఫాంలో ఫొటో, కార్డు, ఆధార్ నకలు పంపి, సరుకు చూడకుండానే అడిగిన ధరకు ఒప్పుకుని, "క్యాంపు నుంచి బండి వస్తుంది, అకౌంట్స్ సెక్షన్ వాళ్లు కోడు పంపుతారు" అనేవాళ్ల బాణీ కూడా ఇదే. ఆ కార్డులు ఇంకో బాధితుడివి అయి ఉంటాయి. మనం నమ్మి పంపిన మన ఆధార్ నకలు రేపు ఇంకొకరికి చూపిస్తారు. బేరం ఆడకుండా, వస్తువు గురించి ఒక్క ప్రశ్నా అడగకుండా కొనే మనిషి మన వైపు ఎక్కడుంటాడు చెప్పండి!

స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. పేమెంటు అయినట్టు అచ్చంగా చూపించే నకిలీ యాపులు ఉన్నాయి, వాటికి టింగుమనే చప్పుడు కూడా ఉంటుంది. మెసేజీ వచ్చిందన్నా సరే, 10 అంకెల మామూలు నంబరు నుంచి వచ్చినది బ్యాంకు మెసేజీ కాదు. బ్యాంకు యాపు తెరిచి మినీ స్టేట్‌మెంటులో ఆ మొత్తం, 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య) కళ్లతో చూడాలి. యూపీఐ దాటి పెద్ద మొత్తాలు వచ్చేసరికి "నెఫ్ట్ చేశాను, ఆదివారం కదా, రేపటికి పడుతుంది, పార్సిల్ మాత్రం ఈరోజే వేసేయండి" అన్న మాట వినిపిస్తుంది. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి ఆదివారాలు, పండగలు కూడా, అరగంటకొక విడత చొప్పున 24 గంటలూ నడుస్తోంది. విడత పూర్తయిన రెండు గంటల్లోపు ఖాతాలో పడాలి. సెలవు వంక చెల్లదు. కొత్త ఖాతాను చేర్చుకున్నాక మొదటి రోజు పెద్ద మొత్తం పంపనివ్వని బ్యాంకులున్నాయి కాబట్టి ఒకరోజు ఆలస్యం నిజమే కావచ్చు. అలాంటప్పుడు పార్సిల్ కూడా ఒకరోజు ఆగుతుంది, అంతే.

చెక్కు తీసుకుంటే అది క్లియరైందని బ్యాంకు చెప్పేదాకా సరుకు కదలకూడదు. చెక్కు వెనక్కి వస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 కింద లెక్క ఇది: బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు, అది అందాక కట్టడానికి వాడికి 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఇందులో ఒక్క గడువు తప్పినా కేసు బలం పోతుంది. డీడీ వస్తే జారీ చేసిన బ్రాంచికి ఫోను చేసి అడగాలి. ఆ ఫోను నంబరు మాత్రం కాగితం మీద ఉన్నది కాకుండా మనం వెతుక్కున్నది అయి ఉండాలి.

పైవన్నీ డబ్బు రాని రకాలు. డబ్బు నిజంగా వచ్చి, సరుకు నిజంగా పోయి, ఆ తర్వాత ఖాతాలో ఆ డబ్బు మీద తాళం పడటం వీటన్నిటికంటే ప్రమాదం. దీని గురించే అమ్మేవాళ్లకు అతి తక్కువ తెలుసు. మోసగాడు సొంత డబ్బుతో కొనడు. ఎక్కడో ఒక మనిషిని ఓటీపీతోనో ట్రేడింగు ఆశతోనో ముంచి, ఆ మనిషి ఖాతా నుంచే నేరుగా మనకు కట్టిస్తాడు. ముంచినవాడికి కెమెరా, మనకు దొంగసొమ్ము. బాధితుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయగానే పోలీసులు, బ్యాంకులు ఆ డబ్బు జాడ పట్టుకుని ఒక్కొక్క ఖాతా దాటుకుంటూ వస్తారు. అది ఆగిన ప్రతిచోటా ఆ మొత్తం మీద హోల్డు పడుతుంది, ఒక్కోసారి ఖాతా మొత్తం స్తంభించిపోతుంది. కేసు ఏ రాష్ట్రంలో నమోదైందో మనకు తెలియదు. అప్పటికి వస్తువు ఎప్పుడో చేతులు మారి ఉంటుంది.

దీనికి విరుగుడు ముందే ఉంది. డబ్బు పంపిన ఖాతా పేరు, పాట పాడిన మనిషి పేరు, పార్సిల్ అందుకునే మనిషి పేరు, మూడూ ఒకటై ఉండాలి. "మా బావమరిది ఖాతా నుంచి వేస్తున్నాను" అన్నది నిజమే కావచ్చు, మన ఇళ్లల్లో అది మామూలే. కానీ తెలియని మనిషి దగ్గర ఒప్పుకోకూడదు. వేరే పేరుతో డబ్బు వచ్చేస్తే సరుకు ఆపేయాలి, "మీ బ్యాంకుకు చెప్పి వెనక్కి తీసుకోండి" అని రాయాలి. మనమే తిరిగి పంపాల్సి వస్తే వచ్చిన ఖాతాకే పంపాలి. "అది కాదు, ఈ నంబరుకు వేయండి" అన్నారంటే అక్కడితో మాట ఆపేయాలి. దొంగసొమ్మును ఇంకో ఖాతాలోకి దాటించిన పని మన చేత చేయిస్తున్నారన్నమాట. "పొరపాటున 6,000 బదులు 16,000 పంపాను, 10,000 వెనక్కి వేయండి" అన్న కథకూ ఇదే జవాబు. సగంసార్లు అసలు ఏమీ పడి ఉండదు, దొంగ మెసేజీ మాత్రమే వచ్చి ఉంటుంది. పడినా అది ఎవరి డబ్బో తెలియదు.

అమ్మకానికి చిన్న బిల్లు రాయడం అలవాటు చేసుకోవాలి. తేదీ, వస్తువు, ధర, కొన్నవాడి పేరు, చిరునామా, ఫోను, యూటీఆర్ నంబరు, పార్సిల్ నంబరు ఒక్క కాగితం మీద ఉంటే, హోల్డు పడినరోజు ఆ కాగితమే మాట్లాడుతుంది. బ్యాంకును అడగాల్సింది "ఖాతా ఎందుకు ఆగింది" అని కాదు, "ఏ ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం, ఏ పోలీసు స్టేషను, ఎంత మొత్తం" అని, అదీ రాతలో. ఆ నంబరు పట్టుకుని సంబంధిత స్టేషనుకు బిల్లు, చాట్, పోస్టు రసీదు, స్టేట్‌మెంటు ఈమెయిలులో పంపి, వివాదంలో ఉన్న మొత్తం వరకే హోల్డు పెట్టి మిగతాది వదలమని అడగాలి. ఇంటి ఖర్చులు, జీతం, పింఛను పడే ఖాతాను అమ్మకాలకు వాడకపోవడం అన్నిటికంటే మేలు. అమ్మకాలకు వేరే సేవింగ్స్ ఖాతా, వేరే యూపీఐ ఐడీ పెట్టుకుంటే గొడవ అక్కడికే పరిమితమవుతుంది.

పార్సిల్ సంగతి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశాక, రిజిస్ట్రేషన్ అన్నది అడిగి తీసుకోవాల్సిన అదనపు సౌకర్యం అయింది. దానికి 5 రూపాయలు, ఓటీపీ చెబితేనే ఇచ్చే బట్వాడాకు మరో 5 రూపాయలు, జీఎస్టీ వేరు. అడగకపోతే మామూలు స్పీడ్ పోస్టుగానే పోతుంది, ఇంటి దగ్గర ఎవరికి ఇచ్చారన్న వాదన మిగులుతుంది. ఓటీపీ తీసుకున్నప్పుడు కవరు మీద రాసిన మొబైల్ నంబరు ఒక్క అంకె తప్పినా పార్సిల్ తిరిగొస్తుంది, అది కౌంటరు దగ్గరే సరిచూసుకోవాలి. రసీదు మీద గ్రాముల్లో పడే బరువు మనకూ కొన్నవాడికీ సంబంధం లేని మూడో మనిషి సాక్ష్యం. "ఖాళీ పెట్టె వచ్చింది" అన్నవాడికి అంతకంటే జవాబు లేదు. ఇంకొకటి, స్పీడ్ పోస్టు పోగొట్టుకుపోతే వచ్చే పరిహారం పోస్టు ఖర్చుకు రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది. 20,000 వస్తువుకు బీమా అడగకుండా పంపితే మిగతాది గాలికి వదిలినట్టే.

డబ్బు కట్టాక చిరునామా మార్చమంటే, పాత చిరునామాకే పంపుతామనాలి. కుదరదంటే డబ్బు వచ్చిన ఖాతాకే వెనక్కి ఇచ్చి అమ్మకం రద్దు చేసుకోవాలి. కొత్తవాడు క్యాష్ ఆన్ డెలివరీ అడిగితే తపాలా వీపీపీ ఉంది, పోస్టుమ్యాన్ డబ్బు తీసుకున్నాకే పార్సిల్ ఇస్తాడు. కాకపోతే "వద్దు" అని తిప్పికొడితే రానూపోనూ ఖర్చు మనదే. కాబట్టి కనీసం రెండువైపుల పోస్టు ఖర్చు ముందు వేయించుకోవాలి.

వస్తువు మార్చి తిరిగి పంపే రకం గురించి నాణేల వాళ్లకు బాగా తెలుసు. 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి అరుదు, 1938ది అంత కాదు. రెండూ ఒకే బరువు, 11.66 గ్రాములు. రెండూ 91.7 శాతం వెండి. 1938లో చివరి 8ని చెక్కి 9 చేసిన దొంగ నాణెం వెనక్కి పంపి "మీరు పంపింది నకిలీ" అంటే తూకం ఏమీ తేల్చదు. తేల్చేది ఫొటో. బొమ్మ వైపు, అంకె వైపు, అంచు, మూడూ దగ్గరగా, పక్కన ఆనాటి తేదీ, మన పేరు రాసిన చీటీ పెట్టి తీయాలి. ప్రతి పాత నాణేనికీ తనదైన గీతలు, నొక్కులు ఉంటాయి. చెవి పక్కన ఒక సన్న గీత, అంచు పళ్లలో ఒకటి అరిగి ఉండటం, వీటిని పాట పోస్టులోనే ఫొటోలో చూపించి పెడితే మార్చే ఆలోచనే రాదు. ఫోన్లకు, కెమెరాలకు ఐఎంఈఐ, సీరియల్ నంబర్లు ఆ పని చేస్తాయి. అవి బిల్లులో రాయాలి గానీ బహిరంగ పోస్టులో పెట్టకూడదు.

ప్యాకింగు వీడియో మధ్యలో ఆపకుండా ఒకే షాట్‌లో ఉండాలి: వస్తువు, దాని గుర్తులు, తక్కెడ మీద బరువు, పెట్టెలో పెట్టడం, టేపు వేయడం, టేపు మీద సగం, అట్ట మీద సగం పడేలా సంతకం. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పార్సిల్ నంబరు బార్‌కోడు అంటించేది తపాలా కౌంటరులో కదా, మన వీడియోలో కనిపించిన పెట్టె, ఆ నంబరు అంటించిన పెట్టె ఒకటేనని రుజువేమిటి? బార్‌కోడు అంటించాక, అదే సంతకం కనిపించేలా కౌంటరు దగ్గరే ఇంకో ఫొటో తీయాలి. అసలు వీడియో తీసిన ఫోనులోనే ఉంచాలి. వాట్సాప్‌లో పంపినది నాణ్యత తగ్గిపోతుంది, ఎప్పుడు తీశారన్న వివరాలూ పోతాయి.

అన్ని ఫిర్యాదులూ మోసాలు కావు, ఇది కూడా ఒప్పుకోవాలి. వాయించే వీణ మెట్లు మైనంలో కూర్చినవి. మే నెల ఎండలో లారీలో నాలుగు రోజులు ఉంటే మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. తీగలు వదులు చేయకుండా పంపితే ఒత్తిడి గుర్రం మీద, అంటే తీగలను మోసే చెక్క మీద పడుతుంది. అలాంటి సరుకు వేసవిలో పంపకపోవడమో, "మెట్లు మళ్లీ కూర్చుకోవాల్సి రావచ్చు" అని ముందే చెప్పడమో చేయాలి. కొన్నవాడు పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయాలి, ఏ లోపమైనా అందిన 48 గంటల్లో చెప్పాలి, వస్తువు మనకు తిరిగి చేరి పరీక్షించాకే డబ్బు వెనక్కి వస్తుంది, అన్న షరతు పాట పోస్టులో ఉంటే నిజమైన ఫిర్యాదు నిజంగానే తేలుతుంది.

ఊళ్లోవాళ్లే కొని చేతికి ఇవ్వమంటే సంతోషం. బ్యాంకు పనివేళల్లో బ్యాంకు హాల్లోనే కలుసుకుని, నగదు అయితే కౌంటరులో జమ చేయించాలి. దొంగనోటు ఉంటే అక్కడే బయటపడుతుంది. ఒకే వ్యవహారంలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు.

ఈబే విదేశీ సైటులో అమ్మి విదేశాలకు పంపేవాళ్లకు కొన్ని ముక్కలు. మనం పంపని దేశాలవాళ్లు, డబ్బు కట్టని చరిత్ర ఉన్నవాళ్లు పాడకుండా సెట్టింగుల్లోనే ఆపవచ్చు. కొన్నవాడికి కట్టడానికి 4 రోజులు ఉంటాయి, ఐదో రోజు నుంచి "డబ్బు కట్టలేదు" అన్న కారణం మీదే రద్దు చేయాలి. మొహమాటానికి "సరుకు లేదు" అని పెడితే మచ్చ మనకు పడుతుంది. 750 డాలర్లు, ఆపైన వస్తువుకు సంతకం తీసుకునే బట్వాడా తప్పనిసరి. సైటు బయట పేపాల్‌లో పుచ్చుకుంటే కొన్నవాడు 180 రోజుల దాకా వివాదం పెట్టవచ్చు. లావాదేవీ పేజీలో ఉన్న చిరునామాకు కాకుండా ఇంకోచోటికి పంపితే అమ్మకందారుకు రక్షణ ఉండదు. "మీ డబ్బు మా దగ్గర ఉంది, ట్రాకింగ్ నంబరు పంపితే వదులుతాం" అని ఈమెయిల్ వస్తే లింకు నొక్కకుండా, సైటులోకి మనమే వెళ్లి చూడాలి. 100 ఏళ్లు దాటిన నాణేలు, విగ్రహాలు, ఇత్తడి వస్తువులు దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. చారిత్రక విలువ ఉన్న చేతిరాత ప్రతులకైతే 75 ఏళ్లే. తాతగారి పెట్టెలో దొరికిందని అమెరికా పాటదారుకు అమ్మేముందు తేదీ చూసుకోవాలి.

మోసం జరిగిపోతే డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోను చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. మొత్తం, వేళ, యూటీఆర్ నంబరు చేతిలో ఉంచుకోవాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే పట్టుకునే వీలు అంత ఎక్కువ. పోయింది సరుకైతే, అది ఇంకా దారిలోనే ఉంటే, రసీదు పట్టుకుని బుక్ చేసిన పోస్టాఫీసుకు పరుగెత్తి బట్వాడా ఆపి వెనక్కి రప్పించమని రాసివ్వాలి. పోలీసులకు మోసం జరిగిన చోటే ఫిర్యాదు ఇవ్వాలన్న నియమం లేదు, ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. ఈమెయిలులో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. వేరే మనిషినని చెప్పి మోసం చేసినందుకు ఐటీ చట్టం 66డీ, మోసగించి ఆస్తి రాబట్టినందుకు భారతీయ న్యాయ సంహిత 318(4) వర్తిస్తాయి. ఫిర్యాదులో ఈ సెక్షన్లు మనమే రాసినా తప్పు లేదు.

ఈ ఉత్తరం ద్వారా రెండు విన్నపాలు. రెండు జిల్లాల తపాలా అధికారులు రిజిస్ట్రేషన్, ఓటీపీ బట్వాడా, బీమా మూడూ వేర్వేరుగా అడిగి తీసుకోవాలని తెలుగులో ఒక బోర్డు ప్రతి కౌంటరు దగ్గర పెట్టించాలి. పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసులకైతే అది మరీ అవసరం. బ్యాంకులు, ఖాతా మీద హోల్డు పడినప్పుడు "పైనుంచి వచ్చింది" అని పంపేయకుండా ఫిర్యాదు నంబరు, స్టేషను పేరు, హోల్డు పడిన మొత్తం మొదటిసారి అడిగినప్పుడే కాగితం మీద ఇవ్వాలి. ఆ నంబరు లేకుండా ఖాతాదారు ఎక్కడికి వెళ్లి ఎవరిని అడగాలి?

ఇట్లు,
ఆన్‌లైన్ వేలాల్లో అమ్మకాలు చేసే కొందరం,
విజయనగరం